చివరి రీల్లో తుపాకీ ఎవరి చేతిలో ఉంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ‘జానీ గిటార్’ అనే పాత కౌబాయ్ సినిమా గురించి నాలుగు ముక్కలు రాశాను. ఆ రోజుల వెస్టర్న్ సినిమాల్లో ఆడవాళ్ళు తమకు గీసిన గీత దాటిన సంగతుల మీద ఏమన్నా అడగాలనిపిస్తే రాయండన్నాను. బోలెడు ఉత్తరాలొచ్చాయి. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట: విజయవాడ గాంధీనగర్‌లో ఓ సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ప్రింట్ల డబ్బాలు మా గుమ్మంలోనే దిగేవి, మా గుమ్మంలోంచే బస్సెక్కేవి. ఇక్కడ చెప్పే సినిమాల్లో కొన్ని హాల్లో చూసినవి. ఎక్కువ భాగం మాత్రం 1990ల్లో కేబుల్ టీవీలో చూశాను. పగలంతా పిల్లల కార్టూన్లు వచ్చే చానల్లోనే రాత్రయ్యేసరికి టీఎన్‌టీ వాళ్ళు పాత ఇంగ్లీషు బొమ్మలు వేసేవారు. ఇంటిల్లిపాదీ పడుకున్నాక సౌండు తగ్గించుకుని కూర్చునేదాన్ని.

ప్రశ్న: అమ్మా, నేను గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని ఇంజనీరింగ్ చదువుతున్నాను. మీరు రాశారని నాలుగు వెస్టర్న్‌లు చూశాను. అన్నిట్లోనూ ఆడవాళ్ళు రెండే రకాలు. బడిపంతులమ్మ, లేకపోతే సారా కొట్లో ఆడిపాడే పిల్ల. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి హీరో కోసం ఎదురుచూసేవాళ్ళే. ఇందులో గీత దాటడం ఎక్కడుంది?

జవాబు: మీరు చూసిన నాలుగింట్లో ఉన్నది నిజమే నాయనా, కాదనను. ఎక్కువ సినిమాల సంగతి అంతే. కానీ ‘జానీ గిటార్’ ఇంకోసారి చూడండి. ఈసారి హీరోని వదిలేసి అందులోని సెలూన్‌లో, అంటే సారా కొట్లో, మెట్లు చూడండి.

1954లో నికొలస్ రే తీసిన సినిమా ఇది. వియెన్నా పాత్ర జోన్ క్రాఫర్డ్‌ది. ఆ సెలూన్ ఆమె సొంతం. ఊరికి దూరంగా, గాలిదుమ్ములో, పిట్ట మనిషి తిరగని చోట కట్టుకుంది. రైలు దారి అటుగానే వస్తుందని ఆమెకు ముందే తెలుసు, అందుకని కట్టుకుంది. ఊళ్ళో పశువుల ఆసాములకు ఆమె మీద కడుపుమంట అక్కడే మొదలు. ఆమె ప్యాంటు వేసుకుందని కాదు, రేపు ఆ నేలకు ధర పలుకుతుందని. మనకి మొదట కనిపించేటప్పుడు ఆమె నల్ల చొక్కా, ప్యాంటు వేసుకుని ఆ మెట్ల పైన ఉంటుంది, నడుముకు తుపాకీ. కింద ఊరి పెద్దలంతా గుంపుగా. కింద అమ్మేది మందూ పేకాటా, మెట్లెక్కి వచ్చినవాడికి దొరికేది తలలో తూటా అని చెబుతుంది. ఆమె దగ్గర జీతానికున్నవాడే ఒకడు, ఆమె ముందు నిలబడితే తను మగవాడినేనా అన్న అనుమానం వస్తుందంటాడు.

ఇంతవరకూ బాగానే ఉంది, మగవేషం వేసింది, మగవాడిలా మాట్లాడింది అనుకోవచ్చు. అసలు సీను తర్వాత వస్తుంది. ఊరి జనం ఒకతని అంత్యక్రియల నుంచి నేరుగా ఆమె మీదికి వస్తారు. అందరూ నల్లబట్టల్లో, చేతుల్లో తుపాకులతో తలుపు తోసుకుని లోపలికొస్తే ఆమె ఒక్కతీ తెల్లటి గౌను వేసుకుని పియానో వాయిస్తూ ఉంటుంది. వెనక గోడంతా మొరటు రాయి. ఆపదు, వాయిస్తూనే ఉంటుంది. ఆ గౌనులోనూ ఆమె అధికారం ఒక్క అంగుళం తగ్గలేదు చూడండి. ప్యాంటులో ఎంత ఓనరో గౌనులోనూ అంతే ఓనరు. నాకు ఈ సినిమా మీద ఇంత మమకారం ఆ పియానో సీను వల్లే.

ఇంకొకటి. ఆమెను వేటాడే గుంపుకు నాయకురాలు కూడా ఆడదే, ఎమ్మా. మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ వేసింది. ఆమె ముందు నడుస్తుంటే మగవాళ్ళు వెనక నడుస్తారు. చివరికి కొండ మీది గుడిసె దగ్గర ఇద్దరు ఆడవాళ్ళూ ఎదురెదురుగా నిలబడితే మగవాళ్ళంతా కింద నిలబడి చూస్తారు. హీరో పేరు సినిమాకి పెట్టారు గానీ తేల్చుకునేది ఆడవాళ్ళే. చివరి రీల్లో కూడా తుపాకీ వియెన్నా చేతిలోనే ఉండడం ఆ కాలానికి చాలా అరుదు. ఈ ‘చివరి రీలు’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, కింది ఉత్తరాల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ప్రశ్న: అక్కా, మాది కృష్ణలంక. మా పాపకి పదకొండేళ్ళు. మొన్న సెలవుల్లో ఇద్దరం కలిసి ‘ఆనీ గెట్ యువర్ గన్’ చూశాం. పాటలు, రంగులు బాగున్నాయి. చివర్లో ఆ అమ్మాయి తుపాకీ పందెంలో కావాలని ఓడిపోయింది. మా పాప నా మొహంలోకి చూసి, “అమ్మా, గెలవగలిగీ ఎందుకు ఓడిపోయింది?” అనడిగింది. నాకు నోట మాట రాలేదు. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ పాప అడిగిన ప్రశ్న దగ్గర నేను వారం రోజులు ఆగిపోయానమ్మా. ఈ నెల మిగతా ఉత్తరాలన్నీ దీని తర్వాతే నాకు.

ముందు నిజంగా జరిగింది చెప్పండి. ఆనీ ఓక్లీ కల్పిత పాత్ర కాదు. 1860లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. అడవిలో కుందేళ్ళూ పిట్టలూ కొట్టి అమ్మి, వాళ్ళమ్మ ఇంటి మీదున్న తాకట్టు అప్పు తీర్చింది. ఫ్రాంక్ బట్లర్ అని ఊరూరా ప్రదర్శనలిచ్చే పేరుమోసిన గురికాడు వచ్చి పందెం కాస్తే ఈ పిల్ల నిలబడింది. అతను ఒక గురి తప్పాడు. ఆమె తప్పలేదు, గెలిచింది. ఇప్పుడు మీ పాపకి ఈ ముక్క గట్టిగా చెప్పండి: ఓడిపోయినవాడే ఆమెను ప్రేమించి పెళ్ళాడాడు. కొన్నాళ్ళకు తన ఆట తగ్గించుకుని ఆమె ప్రదర్శనల వ్యవహారం చూసుకున్నాడు. 1885లో బఫెలో బిల్ వారి వైల్డ్ వెస్ట్ ప్రదర్శనలో చేరి ఆమె దేశదేశాలు తిరిగింది. 1898లో యుద్ధం వచ్చేలా ఉంటే, గురి తెలిసిన యాభై మంది ఆడవాళ్ళను నేను తెస్తాను, తుపాకులూ తూటాలూ కూడా మావే అని అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. 1926 నవంబరులో ఆమె పోతే, పద్దెనిమిది రోజులకు అతనూ పోయాడు. గెలిచినందుకు ఆమె కాపురానికి ఏ లోటూ రాలేదు.

సినిమావాళ్ళు ఏం చేశారు? 1935లో బార్బరా స్టాన్‌విక్‌తో ‘ఆనీ ఓక్లీ’ తీశారు. అందులో ఆమె కావాలని గురి తప్పింది. 1950లో బెట్టీ హటన్‌తో మీరు చూసినది తీశారు. అందులోనూ కావాలని ఓడిపోయింది. నిజం మనిషి గెలిస్తే, రెండుసార్లూ బొమ్మ మనిషిని ఓడించారు. గురి తప్పితే గానీ మొగుడు దొరకడని చెప్పారు. హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్‌లో, అంటే సినిమాల్లో ఏం చూపవచ్చో ఏం చూపకూడదో చెప్పే నియమాల్లో, పెళ్ళికీ ఇంటికీ ఉన్న పవిత్రత నిలబెట్టాలని రాసుకున్నారు. పెళ్ళి నిలబడాలంటే ఆడది ఓడాలని ఆ కోడ్‌లో ఎక్కడా లేదు. అది తీసినవాళ్ళ మనసులో ఉంది, చూసేవాళ్ళ మనసులో కూడా ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఇక నా సంగతి. ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు.

1981. నాకు ఇరవై నాలుగేళ్ళు. మా ఆఫీసులో ప్రింటుతో పాటు ఊళ్ళకు వెళ్ళే మనిషిని రిప్రజెంటేటివ్ అంటారు. హాలువాళ్ళు ఎన్ని టికెట్లు తెంపారో చూసి, డీసీఆర్ మీద, అంటే ఆ రోజు వసూళ్ళ కాగితం మీద సంతకం పెట్టించుకుని, మన వాటా డబ్బు పట్టుకురావడం అతని పని. ఒకసారి అతనికి పచ్చకామెర్లు వచ్చాయి. పంపడానికి మనిషి లేక నన్ను పంపారు. తెనాలి అవతల ఓ ఊరు, పదకొండు రోజులు. అక్కడ మా పెదనాన్నగారి వియ్యంకులుండబట్టి ఇంట్లో ఒప్పుకున్నారు.

మూడో రోజు ఫస్ట్ షో ఇంటర్వెల్ అయ్యాక బుకింగ్ గదిలోకి వెళ్ళాను. చిన్న గది, ఇనప ఊచల కిటికీ, బల్ల మీద నేల, బెంచీ, కుర్చీ తరగతుల టికెట్ పుస్తకాలు. రూలు ప్రకారం ప్రతి పుస్తకంలో ఈ ఆటకు మొదటి నంబరూ చివరి నంబరూ చూసుకోవాలి. నేను బెంచీ పుస్తకం అంచు బొటనవేలితో సర్రున జార్చి చూశాను. మధ్యలో ఒకచోట వేలు తడబడింది. పిన్ను దగ్గర కాగితాలు ఎత్తు తగ్గాయి. విప్పి చూస్తే కుట్టు కదపకుండా మధ్యలోంచి టికెట్లు లాగేశారు. లాగిన టికెట్లు అమ్ముకుంటే లెక్కలోకి రావు. మిగతా తరగతుల పుస్తకాలు కూడా జార్చాను. రెండింటిలో అంతే. మేనేజరు ముందర వాటిని పక్కపక్కన పెట్టి, లెక్క కుదిరేదాకా డీసీఆర్ మీద సంతకం పెట్టనన్నాను. సెకండ్ షో మొదలైంది, నేను కుర్చీలోంచి లేవలేదు. ఆ రాత్రికి మూడు రోజుల లెక్కా సరిచేశారు.

ప్రింటు డబ్బాలతో, డబ్బు సంచితో తెల్లవారుజామున బస్సు దిగి ఇంటికొస్తే మా అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. మా పిన్ని మాత్రం నన్ను లోపలికి పిలిచి, “పెళ్ళి కావలసినదానివి, హాల్లో మగాళ్ళతో రాత్రిపూట తగువు పెట్టుకుందన్న మాట బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉందా? ఆ రిప్రజెంటేటివే ముందు చెప్పి పంపాడని చెప్పు, ఎక్కడెక్కడ చూడాలో ఆయనే చెప్పాడను” అంది. నేను ఆఫీసుకెళ్ళి అలాగే చెప్పాను. ఆయనకు ఇంక్రిమెంటు వచ్చింది. నేను టైపు మిషను ముందుకొచ్చాను. ఆ ఆఫీసులో మరి పదహారేళ్ళున్నాను గానీ ప్రింటుతో మళ్ళీ బస్సెక్కలేదు.

చాలా ఏళ్ళ తర్వాత టీవీలో ఆనీ గురి తప్పడం చూసినప్పుడు నాకు ఆ బెంచీ పుస్తకం గుర్తొచ్చింది. బొటనవేలి కింద ఆ ఖాళీ ఇప్పటికీ తెలుస్తుంది.

అందుకని మీ పాపకి ఇలా చెప్పండి: “నిజం ఆనీ ఓడలేదమ్మా. సినిమా తీసినవాళ్ళు ఓడించారు. కావాలని ఓడిపోయినవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఎవరో పక్కన కూర్చుని ఓడిపొమ్మని చెప్పి ఉంటారు.” మీరు అలా చెప్పే అమ్మ కానందుకు నాకు సంతోషంగా ఉంది.

ప్రశ్న: నేను పటమటలో ఉంటున్న రిటైర్డు ఉపాధ్యాయుణ్ణి. మీ అభిప్రాయంతో నాకు పేచీ ఉంది. మగవాడి చేతిలో తుపాకీ తప్పయితే ఆడదాని చేతిలో ఒప్పెలా అవుతుంది? హింస చేతులు మారితే అది స్వేచ్ఛ అవుతుందా?

జవాబు: మాస్టారూ, మీ పేచీ న్యాయమైనది. తుపాకీని నేను అక్షరాలా అనడం లేదు గానీ, అనుకోవడానికి నేనే చోటిచ్చాను. మీ ప్రశ్నకు ‘హై నూన్’ (1952) కంటే మంచి సినిమా లేదు, ఎందుకంటే అందులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకరు తుపాకీ పట్టారు, ఒకరు పట్టలేదు.

కథ చిన్నది. పగ పట్టిన రౌడీ మధ్యాహ్నం రైలుకు దిగుతున్నాడు. అప్పుడే పెళ్ళయిన మార్షల్, అంటే ఊరి పోలీసు అధికారి (గ్యారీ కూపర్), ఊరు వదిలి పారిపోడు. అతని భార్య ఆమీ (గ్రేస్ కెల్లీ) క్వేకర్ మతంలో ఉంది, హింస అన్నది ఆమెకు కూడదు. తండ్రినీ అన్ననూ తుపాకులకే పోగొట్టుకుని ఆ మతంలోకి వచ్చింది. భర్త పోరాడితే నేను ఉండనని రైలెక్కి కూర్చుంటుంది. మొదటి తూటా మోత వినగానే దిగి పరుగెత్తుతుంది. భర్త ప్రాణం తీయబోయేవాణ్ణి కిటికీలోంచి వెనక నుంచి కాలుస్తుంది. ఆ తర్వాత ఆమె ముఖం చూడండి మాస్టారూ. గెలిచిన ముఖం కాదది. ఏళ్ళ తరబడి నమ్ముకున్నదాన్ని చేజేతులా కూల్చుకున్న ముఖం. దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్ ఆ బాధను దాచలేదు. మీరన్న మాటే ఆ ముఖం అంటోంది.

రెండో ఆమె హెలెన్ రమీరెజ్. మెక్సికో నటి కేటీ హురాడో వేసింది. ఈ పాత్రకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. హెలెన్ వ్యాపారస్తురాలు. ఊళ్ళో కొట్టు ఆమెదే, పైకి కనిపించే ఆసామి వేరేవాడు. తెల్లవాళ్ళ ఊళ్ళో మెక్సికో ఆడదాని పేరు బోర్డు మీద ఉండకూడదు కదా. రౌడీ వస్తున్నాడని తెలియగానే ఏడవలేదు, ఎవరి సాయమూ అడగలేదు. కొట్టులో తన వాటా బేరం పెట్టి అమ్మేసింది, పెట్టె సర్దింది, తన మీద చెయ్యి వేయబోయిన కుర్రాణ్ణి చెంప పగలగొట్టింది. ఆ మనిషి నా వాడైతే వదిలి వెళ్ళను, పోరాడతాను అని ఆమీతో చెప్పింది. అదే రైల్లో ఊరు వదిలి వెళ్ళిపోయింది. ఒక్క తూటా కాల్చలేదు. సినిమా మొత్తంలో ఎవరి దయ మీదా బతకని మనిషి ఆమె ఒక్కతే. నన్ను ఇద్దరిలో ఎవరని అడిగితే నేను హెలెన్ పక్షం.

ప్రశ్న: మేడమ్, నేను మంగళగిరిలో డ్వాక్రా గ్రూపు లీడర్ని. ఒక్క ఆడమనిషి వీరనారి కావడం అన్ని సినిమాల్లోనూ చూస్తాం. ఆడవాళ్ళంతా కలిసి ఏదైనా చేసిన కౌబాయ్ సినిమా ఉందా?

జవాబు: ఉంది. మీ గ్రూపులో అందరూ కలిసి చూడదగ్గది. ‘వెస్ట్‌వర్డ్ ద విమెన్’, 1951, దర్శకుడు విలియం వెల్‌మన్. కథలో కాలం 1851. కాలిఫోర్నియాలో ఓ లోయ, అందులో అందరూ మగవాళ్ళే. వాళ్ళకు పెళ్ళికూతుళ్ళను తేవడానికి యజమాని షికాగో వెళతాడు.

మొదట్లోనే మన పెళ్ళిచూపులు తిరగబడతాయి. ఒక బోర్డు మీద మగవాళ్ళ ఫొటోలు పెడితే ఆడవాళ్ళు వరసగా వచ్చి చూసి, నచ్చినవాడి ఫొటో తీసుకుంటారు. మన ఇళ్ళల్లో ఫొటో ఎటు నుంచి ఎటు వెళుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత రెండు వేల మైళ్ళ దారి. బళ్ళు తోలడం, కంచరగాడిదలను కట్టడం, తుపాకీ పేల్చడం అన్నీ నేర్చుకోవాల్సి వస్తుంది. తోడొచ్చిన మగవాళ్ళు చాలామంది నడిమధ్యలో వదిలేసి పోతే మిగతా బండ్లు వాళ్ళే తోలారు. రెండు సీన్లు మాత్రం దగ్గర కూర్చుని చూడండి. ఒకటి, కాన్పు. బండిలో ఒకామె నొప్పులు పడుతుంటే చక్రం విరుగుతుంది. బండి ఒరిగిపోకుండా ఆడవాళ్ళంతా చుట్టూ చేరి భుజాలు, వీపులు ఆనించి ఎత్తి పట్టుకుంటారు. బిడ్డ ఏడుపు వినిపించేదాకా దించరు. రెండోది, దాడి అయిపోయాక. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కరే లేచి గట్టిగా చెబుతారు. పేరు, కొండల్లో దాని ప్రతిధ్వని, మళ్ళీ ఇంకో పేరు. ఏడుపు పాట లేదు, ఏమీ లేదు.

లోయ చేరబోయే ముందు బళ్ళు ఆపేస్తారు. చిరిగిన బట్టలతో మేం రాం, ముందు గుడ్డ పంపండి, కుట్టుకుని వస్తాం అంటారు. అక్కడి మగవాళ్ళు దొరికిన గుడ్డల్లా పోగుచేసి పంపుతారు. అప్పుడు ఒక్కొక్కరు తమ చేతిలో ఫొటో పట్టుకుని వెళ్ళి, ఆ మనిషిని వెతుక్కుంటారు. చివరి రీల్లో పెళ్ళిళ్ళే, నిజమే. కానీ ఎంపిక చేసే చెయ్యి మారలేదు. ఈ సినిమాలో ఆదివాసీలను దాడిచేసే గుంపుగా మాత్రమే చూపారు. ఆ రోజుల వెస్టర్న్‌లలో ఎక్కువ వాటికి ఈ తప్పు ఉంది, అది మనసులో పెట్టుకునే చూడండి.

ప్రశ్న: సత్యనారాయణపురం నుంచి ఒక కోడలు. పొలం, ఆస్తి దగ్గరకొచ్చేసరికి ఈ సినిమాల్లో ఆడవాళ్ళ పరిస్థితి ఏమిటి?

జవాబు: ‘ది ఫ్యూరీస్’ (1950) చూడమ్మా, దర్శకుడు ఆంథొనీ మాన్. తండ్రి వాల్టర్ హ్యూస్టన్, అతనికి అదే ఆఖరి సినిమా. కూతురు వాన్స్‌గా బార్బరా స్టాన్‌విక్. పెద్ద పశువుల ఎస్టేటు. తండ్రికి డబ్బు లేకపోతే తన పేరు అచ్చువేసిన సొంత నోట్లు ఇచ్చి పబ్బం గడుపుకుంటాడు. ఎస్టేటు నీకే అని కూతురికి చెబుతూ, మరో ఆమెను ఇంటికి తీసుకొస్తాడు. కూతురి చిన్ననాటి స్నేహితుణ్ణి ఉరి తీయిస్తాడు. ఆమె తుపాకీ పట్టుకోదు. ఊరూరా తిరిగి తండ్రి ఇచ్చిన ఆ కాగితాలన్నీ చవగ్గా కొని పోగేసి, ఆయన పశువులను ఆయన నోట్లతోనే కొంటుంది. లెక్కల పుస్తకంతో గెలిచిన ఆడదాన్ని నేను ఇంకే వెస్టర్న్‌లోనూ చూడలేదు.

నిజం చరిత్రలో అక్కడ 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒకటి దాటిన పెళ్ళికాని ఆడవాళ్ళు, వితంతువులు తమ పేరున నేల రాయించుకోవచ్చు. మొగుడున్నవాళ్ళకు మామూలుగా ఆ వీలు లేదు. మన దగ్గర తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకు 2005లో కేంద్ర చట్టం మారేదాకా లేదు. నా పెళ్ళి 1983లో అయింది.

ప్రశ్న: అదే స్టాన్‌విక్ గుర్రం మీద వచ్చే సినిమా ఏదో ఉందట, పేరు చెప్పండి. (ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: ‘ఫార్టీ గన్స్’, 1957, శామ్యూల్ ఫుల్లర్. మొదటి సీనే కళ్ళు చెదురుతుంది: తెల్ల గుర్రం మీద ఆమె, వెనక నలభై మంది మగ రౌతులు, బండిలో వెళుతున్న హీరోని దుమ్ములో ముంచేసి పోతారు. యాభై ఏళ్ళకు చేరువలో ఉండి, రికాబులో కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోయే సీను డూపు లేకుండా తనే చేసింది. చివరి సీను కూడా చూసి మొదటి సీను పక్కన పెట్టండి. హీరో బండిలో వెళ్ళిపోతుంటే ఆమె కాళ్ళతో పరుగెత్తుతుంది. అదే బండి దారి, గుర్రం లేదు, నలభై మంది లేరు. నాకు ఆ పరుగు చూడబుద్ధి కాలేదు.

ప్రశ్న: మన తెలుగు కౌబాయ్‌లలో ఆడవాళ్ళకు ఇలాంటి చోటు ఉందా? (తెనాలి నుంచి ఒక కృష్ణ అభిమాని)

జవాబు: మీ బుర్రిపాలెం హీరో ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చింది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచన ఆరుద్ర. అంతకు ముందు ఏడాదే అదే దాస్‌గారు విజయలలితతో ‘రౌడీ రాణి’ తీశారు. మన దగ్గర కొట్లాట సినిమాకు ఆడది నాయిక కావడం అలా ముందే జరిగింది. ఇక ‘మోసగాళ్ళకు మోసగాడు’లో హీరోయిన్ విజయనిర్మల. ఆవిడ 1973లో ‘మీనా’తో తెలుగులో దర్శకురాలయ్యారు. ఎక్కువ సినిమాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్‌లోకి ఎక్కారు. అప్పటికి 44 సినిమాలు. కౌబాయ్ సినిమాలో హీరో పక్కన నిలబడ్డ మనిషి రెండు మూడేళ్ళలోనే కెమెరా వెనక నిలబడి “స్టార్ట్” అన్నదంటే, నాకు తెలిసిన ఏ వెస్టర్న్ చివరి రీలూ దానికి సాటి రాదు.

ప్రశ్న: నల్లజాతి ఆడవాళ్ళు ఆ పశ్చిమ ప్రాంతంలో లేనే లేరా? సినిమాల్లో కనిపించరేం? (డిగ్రీ విద్యార్థిని, విజయవాడ)

జవాబు: ఉన్నారు తల్లీ. బానిసగా పుట్టిన మేరీ ఫీల్డ్స్ 1895లో, అరవై దాటిన వయసులో, మోంటానాలో టపా మోసే కాంట్రాక్టు సంపాదించి బండి తోలింది. ఆ రోజుల్లో పెద్ద కంపెనీలు తీసిన వెస్టర్న్‌లలో ఇలాంటివాళ్ళు కథానాయికలు కాలేదు. వయోమింగ్ ప్రాంతంలో ఆడవాళ్ళకు ఓటు 1869లోనే వచ్చింది. మరుసటి ఏడాదే ఎస్తర్ హోబర్ట్ మోరిస్ అక్కడ జడ్జి కుర్చీలో కూర్చుంది. అదీ పెద్దగా చూపలేదు. ఆ రోజుల నిజం చాలాచోట్ల సినిమా కంటే ముందు నడిచింది.

ప్రశ్న: మేడమ్, నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు. నేను తొమ్మిదో తరగతి. శలవుల్లో ఆయనతో యార్డుకి వెళతాను. నాకు నచ్చే కౌబాయ్ సినిమా ఒక్కటి చెప్పండి. ముద్దులు, డ్యాన్సులు వద్దు.

జవాబు: ఎర్ర సిరా పెన్నుతో రాసిన నీ ఉత్తరం ఇంకా నా బల్ల మీదే ఉందమ్మా. నువ్వు ‘ట్రూ గ్రిట్’ చూడు, 1969లో వచ్చినది. జాన్ వేన్‌కు ఆస్కార్ వచ్చింది దీనికే. కానీ నువ్వు చూడాల్సింది ఆయన్ని కాదు, మ్యాటీ రాస్‌ని. నీ ఈడుదే, పద్నాలుగేళ్ళు. నాన్నను చంపినవాణ్ణి పట్టించడానికి బయలుదేరుతుంది.

మొదట్లో గుర్రాల వ్యాపారి దగ్గర ఒక బేరం ఉంది. వాళ్ళ నాన్న చావకముందు అతని దగ్గర పొట్టి గుర్రాలు కొన్నాడు. ఇప్పుడవి తనకు అక్కర్లేదు, వెనక్కి తీసుకుని డబ్బివ్వమంటుంది. చిన్నపిల్ల అని అతను మొదట లెక్క చేయడు. ఆమె గొంతు పెంచదు, ఏడవదు. అతను ఒక మాటంటే దానికి లెక్కతో జవాబు, ఇంకో మాటంటే మా వకీలు చూసుకుంటాడని జవాబు. అతని మొహం మారుతూ పోతుంది. చివరికి డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. తర్వాత అదే మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళి తనకు కావలసిన ఒక్క గుర్రాన్ని ఆ గుర్రాల్లోంచే కొంటుంది. ఆ గుర్రం మీదే, పడవ వాడు ఎక్కించుకోకపోతే, నదిలోకి దూకించి అవతలి ఒడ్డుకు ఈదించుకుపోతుంది. ఆ రెండు మూడు సీన్లలో ఎవరూ ఆమెను ఓడిపొమ్మని చెప్పరు, చెప్పినా వినే పిల్ల కాదు.

యార్డులో మీ నాన్నగారి పక్కన కూర్చుని, టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి తేమ చూస్తూ ధర చెప్పే వ్యాపారుల బేరాలు సెలవుల్లో వింటూ ఉంటావు. ఆ గుర్రాల బేరం చూశాక, మ్యాటీ ఎక్కడ ఆగింది, ఎక్కడ తగ్గలేదు, నీ దగ్గరైతే ఎంతకు తేలేది, నాకు ఇంకో ఉత్తరం రాయి. వచ్చే నెల ఈ పేజీలో మొదటి చోటు దానికే.